సైకిల్ మానేయకండి, ముందు అరికాలు చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

సైకిల్ తొక్కండి, గుండెకి మంచిది, షుగర్ కంట్రోల్‌లో ఉంటుంది అని మీ పేపర్‌లో తరచూ రాస్తుంటారు, చాలా సంతోషం. కానీ తొక్కేవాళ్ల అరికాళ్ల గురించి ఎవరూ రాయగా నేను చూడలేదండి, అందుకే ఈ ఉత్తరం. మాతో పాటు పొద్దున్నే సైకిల్ తొక్కడానికి వచ్చేవాళ్లలో ఇద్దరు పోయిన ఏడాది సైకిళ్లు అమ్మేశారు, ఇద్దరిదీ ఒకటే కారణం, కాలి నొప్పి.

నాకు 54 ఏళ్లు. విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి భీమిలి వెళ్లి వస్తాను, వారానికి మూడు రోజులు, రానుపోను 40 కిలోమీటర్ల పైనే. రుషికొండ దాటేవరకు ఏమీ ఉండేది కాదు, ఆ తర్వాత కుడి అరికాలి మధ్యలో, మడమకీ వేళ్లకీ నడుమ వంపు ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ తాడు కట్టి లాగుతున్నట్టు ఉండేది. తొట్లకొండ దగ్గర సైకిల్ పక్కన పెట్టి, బూటు విప్పి, బొటనవేలితో గట్టిగా నొక్కుకుంటూ కూర్చునేవాణ్ణి. ఇంట్లో వయసైపోయింది అన్నారు. ఒక క్లినిక్‌లో నొప్పి బిళ్లలు రాశారు, వేసుకున్నన్నాళ్లూ తగ్గింది, ఆపేశాక మళ్లీ మామూలే. సైకిల్ తొక్కుతానని చెప్పినా, ఏదీ మీ బూట్లు చూపించండి అని ఒక్కరూ అడగలేదు.

చివరికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి అడిగింది. బూటు రెండు చేతుల్తో పట్టుకుని వంచితే ముక్కు వచ్చి మడమకి తగిలింది! మెత్తగా ఉంటేనే కాలికి సుఖం అని షాపులో చెప్తే కొన్న బూట్లు అవి. లోపలి ఇన్‌సోల్ బయటకి లాగి చూపించింది, బొటనవేలి వైపు నలిగి రేకులా అయిపోయి ఉంది, చిటికెన వేలి వైపు కొత్తదానిలా ఉంది. అప్పుడర్థమైంది నాకు, నడిచేటప్పుడు అడుగంతా నేల మీద ఆనుతుంది, పెడల్ మీద మాత్రం పాదం ముందు భాగం ఒక్కటే ఆనుతుంది, సోల్ గట్టిగా లేకపోతే ఆ బరువంతా వంపు మీదే పడుతుంది. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా ప్లాంటార్ ఫేషియా అని ఒక పట్టీ ఉంటుంది, నిమిషానికి 70, 80 సార్లు తొక్కుతుంటే అది సాగి సాగి నొప్పెడుతుంది. వంపు కుంగితే మోకాలు కూడా లోపలికి వాలుతుంది, నాకు మోకాలి నొప్పి కూడా ఎందుకొచ్చిందో అప్పుడే తెలిసింది.

వంగని సోల్ ఉన్న బూట్లు తీసుకున్నాను, వాటిలో వచ్చిన ఇన్‌సోల్ తీసేసి వంపు కింద ఆసరా ఉన్నది వేశాను. మొదటి వారం ఏదో రాయి తొక్కినట్టే ఉంది, అందుకే రోజుకి కొంచెం కొంచెం అలవాటు చేసుకున్నాను, అలవాటయ్యాక కూడా గుచ్చుకుంటుంటే మాత్రం అది మీ కాలికి ఎత్తు ఎక్కువైనట్టే, మార్చేయాలి. సీటు ఎక్కువ ఎత్తులో ఉండి మునివేళ్లతో అందుకుని తొక్కేవాణ్ణి, అది దించాను. పాదం పెడల్ మీద కాస్త ముందుకి జరిపాను. ఎత్తు ఎక్కేటప్పుడు హెవీ గేర్‌తో బలం చూపించడం మానేసి చిన్న గేర్‌లో గబగబా తొక్కుతున్నాను. ఇంటికొచ్చాక గోడ పట్టుకుని పిక్కలు సాగదీయడం, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన వాటర్ బాటిల్ అరికాలి కింద దొర్లించడం. ఒక్క రోజులో తగ్గలేదు, నాలుగు నెలలు పట్టింది.

మా వీధికి పాలు తెచ్చే ఆయన సంగతి కూడా చెప్పాలి. రెండు క్యాన్లు కట్టుకుని అరిగిపోయిన హవాయి చెప్పులతో తొక్కుతాడు, ఆ చెప్పు పెడల్ చుట్టూ గుడ్డలా చుట్టుకుపోతుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం పోతుంది బాబూ అన్నాడు. ఆయన్ని ఖరీదైన బూట్లు కొనుక్కోమని ఎలా చెప్తాం? వెనక పట్టీ, గట్టి అడుగు ఉన్న శాండల్స్ ఇప్పించి, రైతుబజార్ దగ్గర చెప్పులు కుట్టే ఆయనతో వంపు కింద ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు ముక్క కోయించి అతికించాం, ఇప్పుడు కాస్త నయం అంటున్నాడు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఇలా సొంతంగా చేసుకోకండి, వాళ్లకి స్పర్శ తక్కువుంటే పుండు పడినా తెలియదు, డాక్టర్‌కి చూపించుకునే వేసుకోవాలి. తిమ్మిరి, వాపు ఉన్నా అంతే.

ఎడిటర్ గారూ, మీ హెల్త్ పేజీలో ఒక్కసారి ఎముకల డాక్టర్‌తోనో ఫిజియోతోనో దీని గురించి వివరంగా రాయించండి. పేపర్లు వేసే కుర్రాళ్లు, గాజువాక వైపు సైకిళ్ల మీద డ్యూటీలకి వెళ్లేవాళ్లు, వీళ్లందరికీ పనికొస్తుంది. సైకిల్ షాపుల వాళ్లకీ ఒక మనవి, ఎత్తు చూసి ఫ్రేమ్ ఇస్తున్నారు, బాగానే ఉంది, ఏం వేసుకుని తొక్కుతారు అని కూడా ఒక మాట అడగండి.

ఇట్లు,
ఒక సైక్లిస్ట్, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం