ఆయిల్ పంపు విప్పేముందు రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోవాలి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

విజయవాడ, గుంటూరు ఆటోనగర్‌ల షెడ్లకు ఇప్పటికీ వస్తున్న పాత పెట్రోలు జీపుల విషయంలో పదే పదే జరుగుతున్న ఒక పొరపాటును మీ పత్రిక ద్వారా మెకానిక్‌ల దృష్టికి, యజమానుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. ఆయిల్ పంపు మార్చిన వెంటనే ఇంజిన్ స్టార్టు కాకపోయినా, స్టార్టయి కార్బురేటర్‌లోంచి పేలుతున్నా, కొద్ది దూరం పోగానే రేడియేటర్ మరిగిపోతున్నా ముందుగా అనుమానించవలసింది ఇగ్నిషన్ టైమింగునే, అంటే సిలిండర్‌లో ప్లగ్గు మంట వేసే సమయాన్నే. మన షెడ్లలో అది చివరకు గాని గుర్తుకు రావడం లేదు.

నేను ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మొన్న వేసవిలో మా తమ్ముడి సీజే-3బీ జీపుకు ఆయిల్ ప్రెజర్ పడిపోతోందని ఒక షెడ్డులో పంపు మార్పించాడు. ఆ సాయంత్రం నుంచి బండి కదలలేదు. మూడు రోజుల్లో కండెన్సర్, పాయింట్లు, కాయిల్, నాలుగు ప్లగ్గులు, కార్బురేటర్ కిట్టు, అన్నీ కొత్తవి వేశారు. బ్యాటరీ నీరసించడంతో హ్యాండిల్ వేసి తిప్పబోతే అది వెనక్కి తన్ని తమ్ముడి మణికట్టు వాచింది. ఆ వాపు చూశాక నేను స్వయంగా వెళ్లాను. మొదటి సిలిండర్‌ను కంప్రెషన్ మీదికి తెచ్చి, ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే, అందులో తిరుగుతూ ఒక్కో వైరుకు కరెంటు అందించే రోటర్ మొదటి నంబరు వైరును దాటి, తర్వాతి వంతైన మూడో నంబరు వైపు వెళ్లిపోయి ఉంది. అంటే రావలసిన సమయానికి ఎంతో ముందే మంట వస్తోంది. హ్యాండిల్ తన్నడానికి కారణం అదే. కొన్న సామాన్లలో ఒక్కటి కూడా అవసరమైనది కాదు.

ఇది ఎందుకు జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. ఆ జీపులోని హరికేన్ ఇంజిన్, అంటే సుమారు 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, ఆయిల్ పంపును లోపల సంపులో, అంటే అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో కాకుండా బయట, బ్లాకు పక్కన పెట్టుకుంటుంది. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ మీది ఏటవాలు పళ్ల గేరు ఈ పంపు షాఫ్టును తిప్పుతుంది. ఆ షాఫ్టు చివర ఒక గాడి ఉంటుంది. బ్లాకుకు అవతలి పక్కన ఉన్న డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు నాలుక వచ్చి ఆ గాడిలో కూర్చుంటుంది. క్యామ్ షాఫ్ట్‌తో డిస్ట్రిబ్యూటర్‌కు నేరుగా సంబంధం లేదు, దాన్ని తిప్పేది పంపే. పంపు ఒక పక్క, డిస్ట్రిబ్యూటర్ మరో పక్క కనిపించడం వల్ల ఈ బంధుత్వం చూసేవారికి తట్టదు. పైగా మనవాళ్లలో చాలామంది చేతులు తిరిగింది అంబాసిడర్ మీద. అందులోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌లో పంపుకు వేరే షాఫ్టు, డిస్ట్రిబ్యూటర్‌కు వేరే షాఫ్టు ఉంటాయి కనుక పంపు విప్పినా టైమింగ్ చెక్కుచెదరదు. ఆ అలవాటుతో జీపు పంపును లాగేస్తే చిక్కు వస్తుంది.

గాడిని నడిమధ్యన కాక కొంచెం ఒక పక్కకు కోశారు కాబట్టి నాలుక ఒక్క తీరుగానే దూరుతుంది. అందువల్ల "తప్పుగా కూర్చుంటే అసలు ఎక్కదు కదా" అని మెకానిక్ ధీమా పడతాడు. కానీ ఆ రక్షణ డిస్ట్రిబ్యూటర్‌కు, పంపుకు మధ్యనే ఉంది. పంపు గేరుకు, క్యామ్ గేరుకు మధ్య అలాంటిదేమీ లేదు, ఏ పన్ను ఎక్కడైనా కలుస్తుంది. పళ్లు ఏటవాలుగా ఉండడం వల్ల పంపును లోపలికి నెట్టేకొద్దీ షాఫ్టు తిరుగుతుంది కూడా. అందుకే ఆ తిరుగుడును లెక్కలో పెట్టుకొని ఒక పన్ను వెనకనుంచి మొదలుపెట్టాలి. ఒక్క పన్ను తప్పితే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఎన్ని డిగ్రీలు తప్పుతుందో పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు అయిన క్రాంకు దగ్గర దానికి రెట్టింపు తప్పుతుంది. అంత తేడాను డిస్ట్రిబ్యూటర్ బాడీని అటూ ఇటూ తిప్పి సరిదిద్దడానికి క్లాంపు చోటివ్వదు. వైర్లను ఒక్కో స్థానం జరిపినా తొంభై డిగ్రీలు దూకుతుందే గాని మధ్యలో ఆగదు. పంపును మళ్లీ బయటికి లాగడం తప్ప వేరే దారి లేదు.

కనుక పంపు బోల్టులు వదులు చేయకముందే మొదటి సిలిండర్ ప్లగ్గు విప్పి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి, గాలి వేలిని తోసేవరకు క్రాంకు తిప్పి, టైమింగ్ గుర్తును ఎదురుకు తెచ్చి ఆపాలి. గాలి తోయడం చూడకుండా గుర్తు ఒక్కటే చూస్తే పిస్టన్ ఎగ్జాస్ట్ స్ట్రోకులో పైకి వచ్చినప్పుడు మోసపోతాం. ఎందుకంటే ఒక సిలిండర్‌లో ఒక్కో మంటకు క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. ఆ స్థితిలో రోటర్ కొన ఎక్కడ ఉందో డిస్ట్రిబ్యూటర్ అంచు మీద సుద్దతో గీత గీసి, పంపు తీసి మళ్లీ పెట్టేవరకు క్రాంకును ఎవరూ ముట్టకుండా చూడాలి. కొత్త పంపు కూర్చున్నాక రోటర్ ఆ గీత దగ్గరికే రావాలి.

ఆ తర్వాత ముందు, డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి విడదీసే పాయింట్ల గ్యాపు సుమారు అర మిల్లీమీటరుకు సరిచేసుకోవాలి. గ్యాపు మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ఈ వరుస తిరగబడకూడదు. బ్యాటరీ వోల్టేజీకి సరిపడే చిన్న బల్బు ఒక తీగను డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కు, రెండోదాన్ని బాడీకి కలిపి స్విచ్ వేస్తే, పాయింట్లు విడిన క్షణాన బల్బు వెలుగుతుంది. టాప్ సెంటర్‌కు, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానానికి, 5 డిగ్రీల ముందు గుర్తు దగ్గర అది వెలగాలి. ముందుకు తేవాలంటే బాడీని రోటర్ తిరిగే దిశకు ఎదురుగా, వెనక్కి తీసుకోవాలంటే తిరిగే దిశలోనే జరపాలి. వైర్లు సిలిండర్లకు మంట వచ్చే 1-3-4-2 వరుసలో ఉన్నాయో లేదో ఆఖరున ఒకసారి చూసుకోవాలి. టైమింగ్ వెనకబడిన ఇంజిన్ స్టార్టయి, నడిచి, మన్నన పొంది షెడ్డు దాటిపోతుంది. కానీ మన మే నెల ఎండల్లో మంగళగిరి చేరకముందే అది మరిగిపోతే తప్పు రేడియేటర్ మీద పడుతుంది.

పంపును ఆయిల్‌తో నింపకుండా బిగించరాదని, ప్రెజర్ మీటరు లేచేవరకు కాయిల్ వైరు తీసి ఉత్తగా తిప్పాలని చాలామందికి తెలుసు. పంపు మూత కింది ప్యాకింగు మాత్రం మందం చూసి వేయాలి. ఆ మందమే పంపులో ఆయిల్‌ను నెట్టే రోటర్లకు (డిస్ట్రిబ్యూటర్ రోటర్ వేరు) పక్క సందును నిర్ణయిస్తుంది. ఎక్కువైతే కొత్త పంపు కూడా ప్రెజర్ ఇవ్వదు.

నా వంతు తప్పు కూడా ఒప్పుకోవాలి. తరగతిలో లూబ్రికేషన్ పాఠం ఒక వారం, ఇగ్నిషన్ పాఠం మరో నెల చెప్పాను గాని ఈ రెండూ ఒకే షాఫ్టు మీద కలుస్తాయని ఏ ఏడూ విప్పి చూపలేదు. ఇప్పుడు పనిచేస్తున్న శిక్షకులు పాత జీపు ఇంజిన్ ఒకటి బల్ల మీద పెట్టి, పంపును ఒక పన్ను తప్పుగా కూర్చోబెట్టి, తప్పేమిటో విద్యార్థులనే వెతకమనాలని నా మనవి. షెడ్డు యజమానులు పంపు మార్చిన ప్రతి జీపుకూ టైమింగ్ చూసిన సంగతి బిల్లు మీద రాయాలి. అలా రాయని బిల్లుకు డబ్బు చెల్లించేముందు అడిగే హక్కు బండి యజమానికి ఉంది. మీ ఆదివారం సంచికలో పంపు, డిస్ట్రిబ్యూటర్ కలిసే చోటును చూపే బొమ్మ ఒకటి వేయగలిగితే ఏ షెడ్డు గోడకైనా అంటించుకోవచ్చు. బొమ్మ గీసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
అరండల్‌పేట, గుంటూరు.