ఆ బాండు కాగితాలు పారేయకండి నాన్నా

సింగపూర్,
ఆదివారం రాత్రి

నాన్నా,

బ్యాంకువాళ్లు మీకు అంటగట్టిన ఆ ఇన్సూరెన్స్ పాలసీ మాట ఎత్తగానే ఫోన్ అమ్మకి ఇచ్చేస్తున్నారు, అందుకే రాస్తున్నాను. తమ్ముడి మీద కోప్పడకండి. వాడు చెప్పకపోతే మీరు రెండో ప్రీమియం కూడా గుట్టుగా కట్టేసేవారు. మేం బాగున్నాం, ఆఫీసు మామూలే, పాపకి దగ్గు తగ్గింది.

వాడు పంపిన ప్రపోజల్ ఫారం చూశాను. ఎఫ్‌డీ రెన్యువల్ చేయించుకుందామని వెళ్లిన 68 ఏళ్ల పెన్షనర్‌కి ఏటా 2 లక్షల చొప్పున 10 ఏళ్లు కట్టే పాలసీ! మీరు వ్యాపారం చేస్తారట, ఏడాదికి 12 లక్షల ఆదాయమట. ముందు నవ్వొచ్చింది, తర్వాత తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. అందులో రాసిన మెయిల్ కూడా మీది కాదు.

"లెక్కల మాస్టారినై ఉండి చదవకుండా సంతకం పెట్టాను, ఎవరితో చెప్పుకోను" అన్నారట. ఇక్కడ 2008లో లేమన్ బ్రదర్స్ అనే అమెరికా బ్యాంకు మునిగినప్పుడు ఇదే గొడవ. నేనప్పటికి రాలేదు, ఆఫీసులో పాతవాళ్లు చెబుతుంటారు. డిపాజిట్ గడువు తీరి వెళ్లిన పెద్దవాళ్లకి మినీబాండ్లని అంటగట్టారు, పేరులో బాండ్ ఉంది గానీ లోపల సరుకు వేరు. బాధితులంతా హాంగ్ లిమ్ పార్కులో పోగై మాట్లాడుకునేవారట. 2009 జులైలో ఇక్కడి నియంత్రణ సంస్థ 10 సంస్థల్ని అలాంటి పెట్టుబడి పత్రాలు అమ్మకుండా ఆపేసింది, కొందరిని 6 నెలలు, కొందరిని 2 ఏళ్ల వరకు. అదే నెలలో హాంకాంగ్‌లో 16 బ్యాంకులు ఆ మినీబాండ్లని తిరిగి కొనడానికి ఒప్పుకున్నాయి, పెట్టినదాంట్లో 60 శాతం ఇస్తామని, 65 నిండినవాళ్లకి 70 శాతమని. మొత్తం రాలేదు, నిజమే. ఆ మాత్రమైనా, బ్యాంకుల గుమ్మాల ముందు నెలల తరబడి అరిస్తే వచ్చింది. వాళ్లలో మీలాంటి మాస్టార్లు ఉండే ఉంటారు.

"నువ్వూ బ్యాంకు మనిషివే కదే" అంది అమ్మ మొన్న. గుచ్చుకుంది. నాది కంప్లయన్స్, అంటే రూల్స్ పాటిస్తున్నారా లేదా చూసే పని, అమ్మకాలు కాదు అని గట్టిగానే చెప్పాను, ఫోన్ పెట్టేశాక మాత్రం అంత గట్టిగా అనిపించలేదు. నెలాఖరు వారంలో సేల్స్ వాళ్లకి వెళ్లే మెయిల్స్ నేనూ చూస్తుంటాను.

మోకాలి నొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్లారా? తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లండి, ఒక్కరే బస్సెక్కకండి.

పాలసీ అమ్మిన ఆ బ్యాంకు కుర్రాడి ఉద్యోగం పోతుందని ఆగుతున్నారు కదూ. మీ పాత స్టూడెంట్ తమ్ముడని నాకు తెలుసు. ఫిర్యాదు వాడి మీద కాదు నాన్నా. టార్గెట్ పెట్టిన బ్యాంకు, కమీషన్ ఇచ్చిన కంపెనీ జవాబు చెప్పాలి. రేపు వాణ్ణి మార్చేసినా ఆ కుర్చీలోకి వచ్చేవాడు ఇంకో మాస్టారికి ఇదే అమ్ముతాడు.

నిజం చెప్పాలంటే నాకు బ్యాంకు కంటే, ఇన్సూరెన్స్ కంపెనీలకి రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ మీదే ఎక్కువ మండుతోంది. బాండు చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంది, నచ్చకపోతే వాపసు ఇచ్చేయొచ్చు, అంటారు. ఎఫ్‌డీ కాగితమనుకుని బీరువాలో పెట్టేసిన మనిషికి 30 రోజులైతేనేం, 300 రోజులైతేనేం? పాలసీ తెలిసే తీసుకున్నారా అని కంపెనీ నుంచి వెరిఫికేషన్ కాల్ వచ్చినప్పుడు పక్కనే కూర్చుని "అన్నిటికీ యస్ అనండి సార్" అన్నాడు కదా వాడు. ఇలా జరుగుతుందని వాళ్లకి తెలియదా? రూలు పెట్టేసి, సంతకం ఉంది కదా అని చేతులు దులుపుకోవడానికైతే అంత పెద్ద ఆఫీసెందుకు?

సరే, పని మాట. ముందు ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఇవ్వాలి, కాపీ బ్యాంకు మేనేజర్‌కిచ్చి స్టాంపు వేయించుకోవాలి. ఆ కాల్ రికార్డింగ్ కూడా అడగాలి. నెలలోపు జవాబు రాకపోయినా, కుదరదన్నా హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్దాం. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. కంపెనీ కాదన్నాక ఏడాది దాటితే మాత్రం తీసుకోరు. బ్యాంకు మీద ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి విడిగా పెడదాం, బ్యాంకులు అంటగట్టే ఇన్సూరెన్సుల మీద ఫిర్యాదులు తీసుకోవడానికి వాళ్లు 2017లోనే దారి తెరిచారు.

ఉత్తరం నేను రాసి తమ్ముడికి పంపుతాను. ఎర్ర పెన్నుతో దిద్దండి, నా తెలుగు సంగతి మీకు తెలిసిందే. ఈలోగా మేనేజర్ ఇంటికొచ్చి బతిమాలినా నోటిమాటగా దేనికీ ఒప్పుకోకండి, సంతకాలు అసలే వద్దు.

అమ్మని కంటి చుక్కలు మానొద్దనండి. ఇంకోటి, బాండు వచ్చిన కవరు ఉందా? దాని మీద పోస్టు ముద్రలో తేదీ కనిపిస్తుందేమో కళ్లద్దాలు పెట్టుకుని చూసి చెప్పండి.

మీ బుజ్జి