‘వలిసెల పొద్దు’ కొన్నవారికి ఒక మాట

పెదవాల్తేరులోని మా స్టూడియోలో గత రెండేళ్లలో, అరకులో పచ్చగా పూసే వలిసె పూల పేరు పెట్టుకున్న ‘వలిసెల పొద్దు’ పెయింటింగులు కొన్న 14 కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. మీ గోడ మీదున్న బొమ్మలో పసుపు వెలిసిపోతోంది. కొందరు గమనించి ఫోన్ చేశారు. గమనించనివాళ్లకు నేనే చెబుతున్నాను.

మొదట చెప్పింది బీచ్ రోడ్డు ఫ్లాట్‌లో ఉండే ఒక పెద్దావిడ. "ఎండ పడే గోడ కదమ్మా, అందుకేనేమో" అని ఆవిడే నన్ను వెనకేసుకొచ్చారు. వెళ్లి ఫ్రేమ్ విప్పాను. చెక్క కింద దాగిన అర అంగుళం అంచు అప్పుడే నూరిన పసుపుకొమ్ములా పచ్చగా ఉంది. దాని పక్కన, వెలుతురు తగిలిన చోటంతా మజ్జిగ రంగు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

ఆరేళ్లుగా ఒకే సప్లయర్ దగ్గర రంగులు తీసుకుంటున్నాను. డబ్బా మీద కాడ్మియం పసుపు అని (ఆ లోహంతో చేసే, తేలిగ్గా వెలిసిపోని పసుపు), వెనక పీవై 35 అని, అంటే లోపల ఏ రంగుపొడి ఉందో చెప్పే పిగ్మెంట్ నంబర్, ఉండేవి. మధ్యలో ఎప్పుడో డబ్బా మారింది. పేరు అదే, పక్కన చిన్న అక్షరాల్లో ‘హ్యూ’ అని చేరింది. అంటే చూడ్డానికి ఆ రంగే గానీ లోపల కాడ్మియం ఉండదు. హ్యూలన్నీ వెలిసిపోవు, మంచివీ ఉన్నాయి. కానీ ఈ డబ్బా మీద నంబరే లేదు. నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు. ఆయన చెప్పాల్సింది, చెప్పలేదు. బిల్లులో మాత్రం పాత పేరు, పాత రేటు.

అడిగితే "వైజాగ్ ఎండలకి ఏ రంగైనా అంతే మేడమ్, ఇంకెవరూ కంప్లయింట్ చెయ్యలేదు" అన్నారు. ఆ మాట బాగా తగిలింది. మందపాటి కాగితం మీద పాత పసుపు, కొత్త పసుపు, ఎరుపు, నీలం నాలుగు పట్టీలుగా వేసి, సగానికి నల్ల కాగితం కప్పి, ఆరు వారాలు మేడ మీద ఎండలో పెట్టాను. తీసి చూస్తే కొత్త పసుపు ఒక్కటే పాలిపోయింది. ఎరుపు పోదని ముందే తెలుసు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు ఆ రంగునిచ్చేది ఐరన్ ఆక్సైడ్. నా డబ్బాలో ఉన్నదీ అదే. ఎన్ని వేల ఏళ్ల ఎండ చూశాయో ఆ దిబ్బలు! ఫోటోలు సప్లయర్‌కి పంపాను. జవాబు లేదు. ఇక ఊరికే ఇచ్చినా ఆయన రంగు ముట్టుకోను.

"పైన ఇంకో పూత వేసెయ్యండి, సరిపోతుంది" అని ఇంట్లోవాళ్లూ, మీలో ఇద్దరూ అన్నారు. నెల రోజులు అదే ఆలోచించాను. ఖర్చు చూసుకుంటే అదే తేలిక. కానీ ఆ పసుపు పైన ఉన్నది కాదు, అడుగున ఉన్నది. దాని మీద పల్చటి ఎరుపు పొరలు వేశాను. వెలుతురు ఆ పొరల్లోంచి లోపలికెళ్లి, పసుపుకి తగిలి తిరిగొస్తేనే ఆ మెరుపు. అడుగు పసుపు పోయాక ఎరుపు ఇటుక రంగులో చచ్చుబడింది. పైన పసుపు రాస్తే అది మెరవదు, కప్పేస్తుంది. ఆ బొమ్మలో చెట్టు లేదు, కొండ లేదు, ఉన్నది రంగులే. అవి పోయాక మాసిక వేసి మీ హాల్లో ఉంచమనడం నాకు చేతకాదు.

అందుకే 14 కూడా కొత్త కాన్వాస్ మీద మళ్లీ వేస్తున్నాను. అచ్చం మీరు ఎంచుకున్న బొమ్మే రాదు. చేతి ఊపు రెండోసారి అలాగే రాదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. మీలో ఒకరు కూతురి పెళ్లిరోజున కొనుక్కున్నారు, ఆ బొమ్మే కావాలన్నారు. వాళ్లు పాతదీ ఉంచుకోవచ్చు. కొత్తది నచ్చనివాళ్లకు పూర్తి డబ్బు వాపసు. కొత్తది వచ్చేదాకా పాతది గోడ మీదే ఉంచండి, ఎదురెండ మాత్రం పడనివ్వకండి. తెచ్చివ్వడం, తగిలించడం నా పని.

పసుపు ఇప్పుడు వేరే చోట, నంబర్ చూసి కొంటున్నాను. అయినా డబ్బాలోని పసుపుని నమ్మి మొదలుపెట్టను. నవంబర్‌లో అరకులో వలిసెలు పూసినప్పుడు రంగు పట్టీలు పట్టుకెళ్లి, చేలో పూల పక్కన పెట్టి చూసుకుంటాను. ఆ వారం స్టూడియో మూసి ఉంటుంది.