ఉద్యోగం మారేవాళ్లు ఇది చదవండి

అందరికీ నమస్కారం. మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్ తమ్ముడికి నిన్న పాత కంపెనీ నుంచి లీగల్ నోటీసు వచ్చింది, పాపం రాత్రంతా నిద్ర లేదు. చివరి రోజు తను రాసిన కోడ్ మొత్తాన్ని సొంత గిట్‌హబ్‌లోకి (ఆన్‌లైన్‌లో కోడ్ దాచుకునే సైట్) ఎక్కించుకున్నాడు, "నేను రాసిందే కదా అన్నా" అంటాడు. రాసింది వాడే, కానీ 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందే లెక్క, ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు కంపెనీదే. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, అంటే దొంగ కాపీ, అని తెలిసీ వాడితే సెక్షన్ 63బి, దానికీ మూడేళ్ల దాకానే.

ఫ్రీలాన్స్ చేసేవాళ్లకి మాత్రం లెక్క వేరు. రాతపూర్వకంగా బదిలీ చేయనంత వరకు హక్కు సాధారణంగా మీదే, ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లే అని చట్టం అనుకుంటుంది, కాబట్టి సంతకం పెట్టేముందు ఆ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. ఇలాంటి నోటీసు ఎవరికైనా వస్తే కంగారులో రిపో (గిట్‌హబ్‌లో ఆ కోడ్ ఉన్న ఫోల్డర్) డిలీట్ చేయకండి, ముందు లాయర్‌ని కలవండి. ఇక్కడ మెసేజ్ పెట్టినా సరే, నేను కూడా వస్తాను.