బైబిలు అధ్యయన సంఘం వార్షిక నివేదిక: ఫరో మొండితనం, దేవుని దీర్ఘశాంతం

ప్రియమైన సభ్యులకు, మీ కుటుంబాలకు ప్రభువు నామంలో వందనాలు.

గత సర్వసభ్య సమావేశంలో మీరు చేసిన తీర్మానం ప్రకారం ఈ ఏడాది శనివారం కూడికల్లో ఒకే విషయాన్ని పట్టుకుని చదివాం. పాత నిబంధనలో దేవుని శక్తి, ఆయన దీర్ఘశాంతం, వాటికి ఎదురు నిలిచిన మనిషి మొండితనం. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., కథోలిక, పెంతెకొస్తు సంఘాలకు చెందినవాళ్లం మనం. ఆదివారం ఎవరి గుడి వారిదే అయినా శనివారం ఒకే చాప మీద కూర్చుని చదువుకున్నాం. కొన్ని సాయంత్రాలు వాదన బాగా వేడెక్కింది. అయినా ఎవరూ రావడం మానలేదు. అందుకు కార్యవర్గం తరఫున మీ అందరికీ కృతజ్ఞతలు. కూడికల పట్టిక ఇవ్వడం కంటే ఏం చదివామో, ఏం తేలిందో రాస్తేనే సభ్యులకు మేలని అనుకున్నాం.

ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి బయటపడిన కథ చెప్పే నిర్గమకాండానికే సగం ఏడాది సరిపోయింది.

ఐదో అధ్యాయంతో మొదలుపెట్టాం. 80 ఏళ్ల మోషే, అతని అన్న 83 ఏళ్ల అహరోను ఐగుప్తు రాజు ఫరో ముందుకు వెళ్లి, నా ప్రజలను పోనివ్వమన్న ఇశ్రాయేలీయుల దేవుడు యెహోవా మాట చెబితే, ఆ యెహోవా ఎవడని, తానెందుకు వినాలని ఫరో తిరిగి అడుగుతాడు. ఆ రోజే ఇటుకల పనివాళ్లకు గడ్డి ఇవ్వడం ఆపిస్తాడు. ఐగుప్తులో నైలు బురదలో గడ్డి కలిపి, అచ్చుపోసి, ఎండబెట్టేవారు. ఇక గడ్డి వాళ్లే ఏరుకోవాలి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గకూడదు. లెక్క తగ్గినప్పుడు దెబ్బలు తిన్నది ఇశ్రాయేలీయుల్లోంచే పెట్టిన నాయకులు. పచ్చి ఇటుక కోసే పని చిన్నప్పుడు చేసిన మన సభ్యుడొకరు ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడారు. వెయ్యికి ఇంత అని కూలి, వాన పడి తడిసిన ఇటుక లెక్కలోకి రాదు, మేస్త్రీ కూడా మనవాడే. ఆయన మాటలు విన్నాక ఆ అధ్యాయం మాకు మునుపటిలా లేదు. ఫరో మొండితనం అనగానే మనకు దేవుడు ఐగుప్తు మీదికి పంపిన పది తెగుళ్లే గుర్తొస్తాయి గాని, అది మొదట బయటపడింది కూలివాళ్ల వీపుల మీద.

తెగుళ్లను ఒక్కొక్కటిగా చదివాం. అందరినీ ఎక్కువ ఆపింది కప్పల తెగులు. కప్పలు పడకల మీదికి, పొయ్యిల్లోకి, పిండి పిసికే తొట్లలోకి ఎక్కాయి. వీటిని ఎప్పుడు తీసేయమని వేడుకోవాలో నువ్వే చెప్పమని మోషే అడిగితే, ఫరో చెప్పిన జవాబు "రేపు". ఇల్లంతా కప్పలతో నిండి ఉండగా ఇప్పుడే అనకుండా రేపు అన్నాడెందుకని మన టీచరమ్మ అడిగిన ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పారు. ఒక రాత్రి ఆగితే కప్పలు వాటంతటవే పోతాయేమో, అప్పుడు ఎవరికీ లొంగనక్కర్లేదని ఆశపడి ఉంటాడన్న జవాబు నాకు సరిగ్గా అనిపించింది. మరునాడు మోషే ప్రార్థనకు కప్పలు చచ్చి కుప్పలు పడ్డాయి, దేశం కంపు కొట్టింది. ఊపిరి తీసుకోవడానికి సందు దొరకగానే ఫరో మళ్లీ గుండె రాయి చేసుకున్నాడు. కష్టంలో లొంగడం, తెరిపి ఇవ్వగానే మాట తప్పడం. ఆ తర్వాత కథంతా ఇదే వరస.

అతని బేరాలు చూడండి. ముందు, బలి ఇవ్వాలంటే ఈ దేశంలోనే ఇచ్చుకోమన్నాడు. తర్వాత, వెళ్లండి గాని దూరం పోవద్దన్నాడు. మిడతల సమయంలో మగవాళ్లు మాత్రం వెళ్లమన్నాడు. మూడు రోజుల చీకటి తర్వాత పిల్లలను కూడా తీసుకెళ్లండి, పశువుల మందలు మాత్రం ఉంచి పొమ్మన్నాడు. ఒక్క గిట్ట కూడా ఇక్కడ మిగలదని మోషే అన్నాడు. అప్పటికే ఫరో సొంత కొలువువాళ్లు, ఐగుప్తు నాశనమైపోయిందని నీకింకా తెలియలేదా అని అడిగేశారు.

వడగండ్ల తెగులు దగ్గర రైతు సభ్యులు ఎక్కువ ఆసక్తి చూపారు. జనుప పూత మీద, యవలు వెన్ను మీద ఉన్నాయి కాబట్టి పోయాయి, గోధుమ ఇంకా ఎదగలేదు కాబట్టి మిగిలిందని ఆ అధ్యాయం పంటల దశలతో సహా చెబుతుంది. పంట చేతికొచ్చే వేళ వడగళ్లు పడితే ఏమవుతుందో మన జిల్లాల్లో తెలియనివారు లేరు. ఆ తెగులుకు ముందే హెచ్చరిక ఉంది: పశువులను లోపలికి తోలుకోండి. ఫరో సేవకుల్లో ఆ మాటకు భయపడినవాళ్లు తోలుకుని కాపాడుకున్నారు కూడా. శత్రువు దేశంలో సైతం వినేవాడికి దారి వదిలిపెట్టే శిక్ష ఇది.

ఆ తొమ్మిదో అధ్యాయంలోనే, ఏడాదంతా మేం తిరిగి తిరిగి వచ్చిన మాట ఉంది. నేను చెయ్యి చాపి ఈపాటికే నిన్నూ నీ ప్రజలనూ తెగులుతో కొట్టి భూమి మీద లేకుండా చేసి ఉండగలను, అయినా నిన్ను నిలబెట్టాను అని యెహోవా ఫరోకు చెప్పిస్తాడు. శక్తి చాలక ఆలస్యం చేయలేదని ఇంతకంటే సూటిగా చెప్పిన చోటు నాకు కనపడలేదు.

ఇక అందరినీ ఇబ్బంది పెట్టిన ప్రశ్న. ఫరో హృదయాన్ని కఠినపరిచింది దేవుడే అయితే తప్పు ఫరోది ఎలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్నకు వరుసగా కొన్ని శనివారాలు పట్టాయి. నేను కఠినపరుస్తానని నాలుగో అధ్యాయంలోనే యెహోవా ముందుగా చెప్పిన మాట నిజమే. కాని జరిగిన క్రమం చూస్తే, మొదటి ఐదు తెగుళ్లలోనూ ఫరో హృదయం కఠినమైందనో, అతనే కఠినపరచుకున్నాడనో ఉంటుంది. యెహోవా కఠినపరిచాడని కథ మొదటిసారి చెప్పేది ఆరో తెగులు, పొక్కుల దగ్గర. ఏడోదాని తర్వాత మళ్లీ ఫరోనే. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిదెసు దీనికిచ్చిన వివరణ మా చర్చకు చాలా ఉపయోగపడింది: మనిషి తన ఇష్టంతోనే చేసిన పాపాలు ఒక హద్దు దాటితే, పశ్చాత్తాపపడే దారి మూసుకుపోవడమే అతనికి శిక్ష. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు రేష్ లాకీషు అనే రబ్బీ (యూదు బోధకుడు) కూడా ఇలాంటి మాటే అన్నాడు. దేవుడు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు హెచ్చరిస్తాడు, అయినా వినకపోతే ఆ హృదయం మీద తలుపు మూస్తాడు. దేవుడు తనకిష్టమైనవాళ్లను కఠినపరుస్తాడనే, పౌలు రాసిన ఉత్తరం రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయం ముందుపెట్టి దీనికి ఒప్పుకోని సభ్యులున్నారు. వారి వాదనకూ బలం ఉంది. సంఘం తరఫున తీర్పు చెప్పడం నా పని కాదు. నా మట్టుకు నాకు ఆ ఐదు అవకాశాలే పెద్దగా కనిపిస్తాయి.

ఐగుప్తు దాటాక మొండితనం అక్కడే ఆగిపోతుందనుకున్నవాళ్లకు 32వ అధ్యాయం గట్టి దెబ్బ. ఎర్ర సముద్రం దాటినవాళ్లే బంగారు దూడ చేసుకున్నారు. మీరు లోబడనొల్లని ప్రజలు, నేను మీ మధ్య వస్తే దారిలోనే మిమ్మల్ని నాశనం చేస్తానేమో, కాబట్టి రాను అంటాడు యెహోవా 33లో. 34లో మోషే మళ్లీ కొండ ఎక్కినప్పుడు ఆయన తన నామం ప్రకటిస్తాడు: కనికరం గలవాడు, దయగలవాడు, దీర్ఘశాంతుడు, అలాగని దోషిని ఊరికే వదలనివాడు. అది వినగానే మోషే నేల మీద సాగిలపడి ఏమని అడిగాడో చూడండి. వీళ్లు లోబడనొల్లని ప్రజలే, అందుచేత మా మధ్య ఉండి నడువు, మా పాపం క్షమించు అని. దేవుడు రాకపోవడానికి చెప్పిన కారణాన్నే మోషే ఆయన రావాలనడానికి కారణంగా పెట్టాడు. ఏడాది మొత్తంలో మాకు దొరికిన గొప్ప సంగతి ఇదేనని నేను నమ్ముతున్నాను. ఆ సాయంత్రం ప్రార్థన ఎవరూ తొందరగా ముగించలేదు.

ఆ నామ ప్రకటన తర్వాత ఎక్కడెక్కడ వినిపిస్తుందో వెతకడం మన యువకులు తీసుకున్న పని. సంఖ్యాకాండం 14లో, కనాను దేశం చూసి వచ్చిన వేగులవాళ్ల మాట విని జనం ఎదురు తిరిగినప్పుడు మోషే దాన్నే దేవునికి గుర్తుచేస్తాడు. అష్షూరు పట్టణం నీనెవెను హెచ్చరించమని దేవుడు పంపిన ప్రవక్త యోనాకు అదే మాట ఫిర్యాదు. నువ్వు దీర్ఘశాంతుడివని తెలిసే పారిపోయానంటాడు. ఫరోకు పది తెగుళ్లు చాలలేదు, నీనెవె రాజు మాత్రం ఒక్క ప్రకటనకే సింహాసనం దిగి గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. ఆ పుస్తకంలో చివరిదాకా మొండికేసింది ప్రవక్తే. తన సొరచెట్టు వాడిపోయిందని చచ్చిపోతానంటాడు. కుడి ఎడమలు తెలియని 1,20,000 మందికి పైగా జనం, బోలెడు పశువులు ఉన్న ఊరి మీద నాకు జాలి ఉండకూడదా అని దేవుడు అడిగిన ప్రశ్నతోనే పుస్తకం ఆగిపోతుంది, యోనా జవాబు లేదు. యూదులు ఏటా ప్రాయశ్చిత్త దినం మధ్యాహ్నపు ఆరాధనలో ఈ పుస్తకం చదువుతారు. నహూము ప్రవక్త దగ్గరికి వచ్చేసరికి యెహోవా దీర్ఘశాంతుడు, మహాబలం గలవాడు అని శక్తినీ ఓర్పునీ ఒకే వాక్యంలో పెట్టి, అదే నీనెవె మీద తీర్పు పలుకుతాడు. నీనెవె క్రీ.పూ. 612లో కూలింది.

చివరి నెలల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 36వ అధ్యాయం చదివాం. యిర్మీయా చెబుతుంటే లేఖకుడు బారూకు దేవుని మాటలను ఒక గ్రంథపు చుట్ట మీద రాశాడు. చలికాలం, తొమ్మిదో నెల, యూదా రాజు యెహోయాకీము ముందు కుంపటి మండుతోంది. యెహూది అనే కొలువువాడు ఆ చుట్టలోంచి మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ ముక్క కోసి నిప్పుల్లో వేస్తాడు, చుట్ట అంతా కాలేదాకా. కొలువు అధికారులు ఎల్నాతాను, దెలాయా, గెమర్యా వద్దని బతిమాలినా వినడు. యిర్మీయా మరో చుట్ట తీసుకుని చెబుతుంటే బారూకు మొత్తం మళ్లీ రాశాడు, అలాంటి మాటలు ఇంకా ఎన్నో చేర్చాడు.

ఇతర కార్యక్రమాలు క్లుప్తంగా. వేసవి వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి)లో పిల్లలు తెగుళ్లను బొమ్మలు వేసి గోడకు అంటించారు. కప్పల బొమ్మలే ఎక్కువ వచ్చాయి. గ్రంథాలయానికి ఒక బైబిలు నిఘంటువు కొన్నాం. పెద్దక్షరాల బైబిళ్లు చాలడం లేదని పెద్దవాళ్లు అడుగుతున్నారు కాబట్టి దాతలు ముందుకు రావాలని మనవి. జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన: యిర్మీయా మొదటి నుంచి చివరిదాకా, తర్వాత నెహెమ్యా తొమ్మిదో అధ్యాయంలోని ఒప్పుకోలు ప్రార్థన. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమాజం ఉంది. ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసుకునే పస్కా పండుగను వారు ఎలా ఆచరిస్తారో అక్కడి పెద్దలనే అడిగి తెలుసుకోవాలని కొందరు సభ్యులు కోరారు. సభ ఆమోదిస్తే వారికి ఉత్తరం రాస్తాం. కొత్త కార్యవర్గం ఎన్నిక ఈ నివేదిక ఆమోదం పొందగానే జరుగుతుంది, పేర్లు ఇవ్వదలచినవారు అధ్యక్షుల వారికి ముందుగా అందజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి