రాగికి ఇల్లు కుదిరింది: అందరికీ థాంక్స్, మదనపల్లె అక్కకి ఇంకొంచెం ఎక్కువ

మేం కాపాడిన కుక్క రాగి సంగతి ఏమైందని అడుగుతున్నవాళ్లందరికీ ముందు మంచి కబురు. దీపావళి వెళ్లాక అది బెంగళూరు కగ్గదాసపురలో ఉండే ఒక కర్నూలు వాళ్లింటికి వెళ్లింది. అలవాటు పడడానికని పెట్టుకున్న రెండు వారాల గడువు అయిపోయింది, నిన్న కాగితాల మీద సంతకాలు కూడా అయ్యాయి. ఇక అది వాళ్ల కుక్క. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతే ఎవరో ఒకరిని మర్చిపోతానని ఇలా రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మున్నెకొళాలలో మా వెనక వీధిలో ఒక ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు దీన్ని అక్కడే వదిలేశారు. మెడకి బెల్టు అలాగే ఉంది. ఎవరు గేటు తీసినా లేచి తోకాడించేది, తనవాళ్లు కాదని తెలిశాక మళ్లీ పోయి మెట్ల కింద పడుకునేది. పెంచుకున్న జంతువుని ఆకలికీ దాహానికీ వదిలేసి పోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. కానీ ఎవరి మీదని ఫిర్యాదు చేస్తాం? ఇంటి ఓనరు దగ్గరున్న వాళ్ల నంబరు స్విచాఫ్. "ముందు దీని ప్రాణం సంగతి చూద్దాం" అన్నారు మా ఆయన.

నిజంగానే ప్రాణం మీదికి వచ్చి ఉంది. చెవుల లోపల పిడుదులు, పాలిపోయిన చిగుళ్లు. రక్తపరీక్షలో టిక్ ఫీవర్ అని తేలింది, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. మందు నాలుగు వారాలు మానకుండా వేయాలని, ప్లేట్‌లెట్లు కోలుకునేదాకా స్టెరిలైజేషన్ ఆపరేషన్ జోలికి వెళ్లొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. ఆపరేషన్ చేసి కుట్లు విప్పేవరకు ఒక్కసారి కూడా విసుక్కోకుండా చూసిన ఆవిడకి మొదటి నమస్కారం. కుక్కని చూడగానే బండి ముందుకి లాగించేసే ఆటోల మధ్య, సీటు మీద గోనెపట్టా పరిచి "ఎక్కించండక్కా" అన్న కోలారు తమ్ముడికి రెండోది. ప్రతిసారీ వచ్చాడు, మీటరుకి పైసా ఎక్కువ అడగలేదు. మా కింది పోర్షన్ అజ్జి రోజూ రాగిముద్దలో పెరుగు కలిపి పెట్టేది. పేరు అలా కుదిరింది. మందు డబ్బులకి మీరు పంపిన వందా, రెండొందలూ అన్నీ రాసిపెట్టాను, ఆ లెక్క కింద చెప్తాను.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. ఇలాంటి కుక్కలకి మంచి ఇళ్లు వెతికిపెట్టే మదనపల్లె అక్క మీలో చాలామందికి తెలుసు. పేరు రాయొద్దంది, రాస్తే ఇక ఫోన్లు ఆగవట. కుక్క బాగై, బొచ్చు మెరుస్తూ ఉన్న ఫోటోలు పంచగానే మాకు వరసగా ఫోన్లు వచ్చాయి. హమ్మయ్య, ఈ వారంలో ఇచ్చేయొచ్చని మేం అనుకుంటుంటే అక్క ఒకటే మాట అంది: "అడిగినోళ్లలో ముందొచ్చినోళ్లకి ఇచ్చేదానికి ఇదేమన్నా పాత సోఫానా? ఫోన్లన్నీ నాకు పంపు."

తర్వాతి శనివారం అక్క మా హాల్లో కూర్చుని, ఫోను స్పీకర్లో పెట్టి, పక్కన బడి పిల్లల రూళ్ల నోటుబుక్కు ఒకటి పెట్టుకుంది. మొదట "ఏ ఊరండీ మీది" అని కబుర్లు. అవతలివాళ్లు కాస్త తేలికపడ్డాక ఒక్కో ప్రశ్న వదిలేది. ఇల్లు అద్దెనా సొంతమా అన్నది అందరూ అడిగేదే. అక్క ఓనరు నంబరు కూడా అడుగుతుంది. బెంగళూరులో అగ్రిమెంటు 11 నెలలకి రాస్తారు, కుక్క పన్నెండు పదమూడేళ్లు బతుకుతుంది, మధ్యలో ఓనరుకి ఎప్పుడు ఏం బుద్ధి పుడుతుందో ఎవరికి తెలుసు అంటుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం అక్క ఫోన్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "కాగితం మనవైపే ఉంది. కానీ రోజూ లిఫ్టు దగ్గర ఆ కాగితం పట్టుకొని పోట్లాడే ఓపిక వీళ్లకుందా, అది చూడాల" అనేది.

నాకు బాగా నచ్చిన ప్రశ్న మాత్రం "సంక్రాంతికి ఊరెళ్తే కుక్క ఎక్కడుంటుంది?" అన్నది. బెంగళూరులో ఉన్న మనవాళ్లలో ఆ నాలుగు రోజులు ఊరెళ్లనివాళ్లు తక్కువ. ఈ ప్రశ్నకి చాలామంది ఆగిపోయారు. వాచ్‌మన్ చూసుకుంటాడని ఒకరు, బాల్కనీలో తిండీ నీళ్లూ పెట్టి వెళ్తామని ఒకరు. బస్సులో తీసుకెళ్తామని ఇంకొకాయన ధీమాగా అన్నాడు. ఏ బస్సువాళ్లు ఎక్కించుకుంటారండీ అంటే రైలు అన్నాడు. రైల్లో కుక్కని మనతో ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే అనే చిన్న గది మొత్తం మనకే దొరకాలి, లేకపోతే గార్డు దగ్గర బ్రేక్ వ్యాన్లో ఉండే పెట్టెలో పంపాలి. పండగ రద్దీలో ఇది అయ్యే పనేనా? అబద్ధమాడాలని కాదు పాపం, వాళ్లెవరికీ అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. అది రాబట్టడానికే ఆ ప్రశ్న.

ఇంకొకటి, "ఇంతకుముందు కుక్క ఉండేదా? ఏమైంది?" దీనికి జవాబు వింటూ అక్క ఏమీ మాట్లాడదు, రాసుకుంటుంది. ఒకావిడ ఎంత మర్యాదగా మాట్లాడిందో చెప్పలేను. ఆవిడ పెంచినవాటిలో ఒకటి బండి కింద పడింది, ఒకటి కనబడకుండా పోయింది, మూడోదాన్ని బిడ్డ పుట్టాక ఎవరికో ఇచ్చేశారు. ఫోను పెట్టేశాక నోటుబుక్కు చూస్తే ఆవిడ పేరు పక్కన ఒకటే మాట ఉంది: "గేటు". ఇంకో ఇంట్లో ఆమధ్యే పార్వో అనే అంటురోగంతో కుక్కపిల్ల పోయింది. టీకాలన్నీ పడిన రాగికి భయం లేదు కానీ, పార్వో వైరస్ ఇంట్లో నెలల తరబడి బతికి ఉంటుందట, మామూలు ఫినాయిల్‌కి లొంగదట. ఇప్పట్లో టీకా పడని చిన్న పిల్లని మాత్రం తెచ్చుకోకండని అక్క వాళ్లకి విడమర్చి చెప్పింది. వాళ్లు అడగకపోయినా ఇంట్లో బ్లీచింగ్ ఎలా వాడాలో కూడా చెప్పింది.

హొసకోటె వైపు నుంచి ఒకాయన "ఎకరం స్థలముంది మేడమ్, స్వేచ్ఛగా తిరుగుతుంది" అన్నాడు. వినడానికి ఎంత బాగుందో. రాత్రి ఎక్కడ పడుకుంటుంది, అక్కడ మనుషులెవరుంటారు అని అడిగేసరికి, ఇంకా కట్టని సైటుకి కాపలా అని, పగలు గొలుసు వేస్తామని బయటపడింది. ఎకరం అన్నది స్థలం కొలత, గొలుసు కొలత చెప్పలేదు. మరొకాయనకి అసలు ఆడకుక్కే కావాలి, ఆపరేషన్ అయిందని చెప్పగానే లైన్ కట్. ఇచ్చేముందే ఆ ఆపరేషన్ చేయించడానికి ఇదీ ఒక కారణం.

వద్దన్నందుకు కోపాలు కూడా వచ్చాయి. "వీధికుక్కకి ఇంత బిల్డప్ ఎందుకు" అన్నవాళ్లున్నారు. అక్క "సరేనండీ, ఉంటాను" అని పెట్టేస్తుంది, వాదించదు. కానీ ఇక్కడ మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పాల్సినవాళ్లూ ఉన్నారు. ఐటీపీఎల్ టెక్ పార్కు దగ్గర పీజీలో ఉండే ఇద్దరు కుర్రాళ్లు రాగి కావాలని ఎంతో ఆశపడ్డారు. పీజీలో కుదరదు, పైగా రేపు ఉద్యోగం పుణెకి మారితే ఏం చేస్తారని అక్క నిక్కచ్చిగా అడిగింది. "నిజమే అక్కా, మా దగ్గర జవాబు లేదు" అన్నారు. అంతటితో పోలేదు. ఆ తర్వాత ఆదివారాలు వచ్చి రాగిని వాకింగ్‌కి తీసుకెళ్లారు. కొత్త మనుషులంటే ముడుచుకుపోయే కుక్క బయట తల ఎత్తి నడవడం వాళ్ల వల్లే నేర్చుకుంది. తమ్ముళ్లూ, ఇది చదువుతుంటే మీకు మా ఇంట్లో భోజనం బాకీ.

కర్నూలు వాళ్ల ఫోన్ వేరేగా నడిచింది. ముందు కోడలు మాట్లాడింది. కాసేపటికి "మా అత్తయ్య కూడా మాట్లాడాలంటున్నారు" అని ఇచ్చింది. ఆవిడేమో అక్కనే ఎదురు ప్రశ్నలు అడిగారు. బొచ్చు ఎంత రాలుతుంది? రాత్రుళ్లు అరుస్తుందా? నేనొక్కదాన్నే ఉన్నప్పుడు లాగితే పడిపోతానా? సాంబారన్నం పెట్టొచ్చా? సాంబారులో ఉల్లిపాయ ఉంటుంది, కుక్కకి పడదు, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు పెట్టొచ్చని అక్క చెప్పింది. చివర్లో ఆవిడ, "పూజగదిలోకి మాత్రం రానివ్వనమ్మా, ముందే చెప్తున్నా. మిగతా ఇల్లంతా దాని ఇష్టం" అన్నారు. అక్క నోటుబుక్కులో ఆ పేజీ మడత పెట్టింది. ఇంట్లో ఒకరు ముచ్చటపడి, ఇంకొకరు మొహమాటానికి ఒప్పుకున్న ఇళ్ల నుంచే కుక్కలు వెనక్కి వస్తాయని, ఇష్టాయిష్టాలు ముందే తెగేసి చెప్పేవాళ్లుంటే సగం నిశ్చింత అని తర్వాత నాకు చెప్పింది.

ఇల్లు చూడ్డానికి నేనూ వెళ్లాను. కాఫీ ఇచ్చారు, అక్క కాఫీ పట్టుకునే బాల్కనీలోకి నడిచింది. గ్రిల్ కమ్మీల మధ్య పిడికిలి పెట్టి చూసింది. కింది వరసలో పిడికిలి దాటి మోచేయి దాకా వెళ్లిపోయింది. వల కట్టించాలి అంది. తర్వాత తను బయటికి వెళ్లి తలుపేసుకుని బెల్లు కొట్టింది. "నేను ఫుడ్ డెలివరీ. ఎవరు తీస్తారు? కుక్క ఎక్కడుంది?" కోడలు నవ్వుతూ తలుపు బార్లా తీసింది. "కుక్క మెట్ల మీదుంది ఇప్పుడు" అంది అక్క. మళ్లీ బెల్లు. ఈసారి అత్తగారు, కుక్క ఉన్నట్టే ఒక చేత్తో ఊరికే గాల్లో బెల్టు పట్టుకుని, తలుపు జానెడు తీసి పార్సిల్ అందుకున్నట్టు చేశారు. మేమందరం పగలబడి నవ్వాం కానీ, కొత్త ఇంట్లో మొదటి రోజుల్లో కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా అలా తలుపు సందులోంచేనట. మరుసటి వారం వల కట్టిన వీడియో వచ్చింది, గడప దగ్గర చిన్న గేటు కూడా పెట్టించారు, అది ఎవరూ అడగలేదు.

అంతా ఖాయమయ్యాక కూడా దీపావళి దాటేదాకా రాగిని పంపలేదు. కొత్త చోటు, కొత్త మనుషులు, పైన టపాసుల మోత, మూడూ ఒకేసారి వద్దంది అక్క. వెళ్లేటప్పుడు మెడలో బెల్టు, ఒంటికి హార్నెస్, రెండిటికీ వేరువేరు తాళ్లు, బిళ్ల మీద వాళ్ల నంబరు. తప్పిపోతే గుర్తుపట్టడానికి చర్మం కింద 15 అంకెల మైక్రోచిప్ కూడా వేయించాం.

మొదటి రాత్రి రాగి దివాన్ కింద దూరి బయటికి రాలేదు, తినలేదు. కోడలు ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. వంగి చూడకండి, పిలవకండి, గిన్నె అక్కడ పెట్టి లైటు తీసేసి పడుకోండి, మూడు రోజులు బెదురు, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకి ఇల్లు తనదనుకుంటుంది, కంగారు పడొద్దు అని అక్క ధైర్యం చెప్పింది. పొద్దున గిన్నె ఖాళీ. ఇప్పుడు అత్తగారు టీవీ చూస్తుంటే కాళ్ల దగ్గర పడుకుంటోంది, పూజగది గడప ఇవతలే ఆగుతోంది. ఆవిడ హారతిచ్చాక కొబ్బరిముక్క ఇస్తారని కనిపెట్టిందట.

నిన్న సంతకాలు పెట్టిన కాగితంలో పెద్దగా ఏమీ లేదు. కట్టేసి ఉంచకూడదు, ఏటా రేబీస్ టీకా వేయించాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు, పెంచలేని పరిస్థితి వస్తే మాకే తిరిగివ్వాలి, మధ్యమధ్యలో వచ్చి చూస్తే కాదనకూడదు. ఆధార్ కాపీ జతచేశారు. దీన్ని పట్టుకుని కోర్టుకెళ్లేదేమీ లేదు కానీ, ఈ కాగితం మాట ఎత్తగానే తప్పుకున్నవాళ్లని చూశాను కాబట్టి దాని విలువ నాకు తెలిసింది. వాళ్లింటి అబ్బాయి మాత్రం ప్రతి లైనూ చదివి, "తిరిగివ్వాలి అన్నచోట 'ఎప్పుడైనా, ఏ వయసులోనైనా' అని కూడా రాయండి" అన్నాడు. రాశాం.

అక్కా, నువ్వు థాంక్స్ అంటే తిడతావని తెలుసు, అయినా చెప్తున్నాను. నీ ఆదివారాలు ఎన్ని పోయాయో నాకు తెలుసు. అడగడానికి మేం మొహమాటపడిన ప్రతిదీ మా తరఫున నువ్వే అడిగావు, చెడ్డపేరు నువ్వే మోశావు.

డబ్బుల లెక్క: డాక్టరు, మందులు, ఆపరేషన్, చిప్, అన్ని బిల్లులూ ఫోటో తీసి పెట్టాను, ఎవరు అడిగినా పంపుతాను. కొంత మిగిలింది. అక్క దగ్గర వర్తూరు రోడ్డులో దొరికిన రెండు కుక్కపిల్లలున్నాయి, టీకాలు వేయించాలి. ఈ శుక్రవారంలోగా ఎవరూ వద్దనకపోతే అది అటు పంపేస్తాను. ఆ పిల్లలు కావాలనుకునేవాళ్లు నాకే ఫోన్ చేయండి, నేనే అక్కకి కలుపుతాను. సంక్రాంతి ప్రశ్నకి జవాబు మాత్రం ముందే ఆలోచించి పెట్టుకోండి. రెండో బ్లాక్ పిన్నిగారూ, మీరిచ్చిన ఇనుప బోను కడిగి ఆరబెట్టాను, ఆదివారం పొద్దున తెచ్చిస్తాను.