జాతీయం ఎప్పుడు వాడాలో కూడా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి కుటుంబం హాంకాంగ్‌లో ఉంటుంది. మనవడు అక్కడి బడిలో కాంటనీస్ (అక్కడివాళ్లు మాట్లాడే చైనా భాష) చదువుతున్నాడు. వాళ్లకు నాలుగక్షరాల జాతీయాలుంటాయి, 'సింగ్ యూ' అంటారు. పోయిన నెల వీడియో కాల్‌లో ఒకటి అప్పజెప్పాడు: 'మోంగ్ యోంగ్ పౌ లౌ'. గొర్రె పోయాక రొప్పం (గొర్రెల దొడ్డి) బాగుచేసుకోవడం అని అర్థం. "ఓహో, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం" అన్నాను. "కాదు నానమ్మా, ఇది తిట్టడానికి కాదు. ఇప్పటికైనా మించిపోలేదని ధైర్యం చెప్పడానికి" అన్నాడు.

వాళ్ల టీచరు అర్థం చెప్పి ఊరుకోలేదు, కథ కూడా చెప్పింది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో చైనాలోని చూ రాజ్యపు రాజు, తన కొలువులోని ఒకాయన చేసిన హెచ్చరికను పెడచెవిన పెట్టి రాజధాని పోగొట్టుకున్నాడు. తర్వాత ఆయన్నే పిలిపించి దారేదని అడిగితే, ఆయన చెప్పిన జవాబులోది ఈ మాట.

నాకు మా వీధి చివరి కాపరి గుర్తొచ్చాడు. మొన్న ఎండాకాలంలో తోడేలు రెండు పిల్లల్ని ఎత్తుకుపోయింది. తెల్లారి ఆయన రొప్పం సందుకు తుమ్మకంప అడ్డం లాగుతున్నాడు, మోచేతుల దాకా గీరుకుపోయింది. ఇప్పుడు కడితే ఏం లాభమన్నాను. తల ఎత్తకుండానే "ఇంకా నలభై ఉండాయి కదమ్మా" అన్నాడు. ఆయనకు ఆ రోజు చెప్పాల్సిన మాట మనవడి నోట విన్నాను.

వాడు చెప్పిన ఇంకోటి 'కై తుంగ్ ఆప్ కోంగ్', కోడి బాతుతో మాట్లాడటం. ఇది అచ్చంగా కాంటనీస్ వాళ్లదే. ఇద్దరూ మాట్లాడుతుంటారు, ఒకరిది ఒకరికి అర్థం కాదు. మన 'చెవిటివాడి ముందు శంఖం' దీనికి అతకదు. అక్కడ ఊదేవాడు ఒక్కడే.

నేను 31 ఏళ్లు తెలుగు చెప్పాను. పదో తరగతి పిల్లలు గైడు చూసి 'మీనమేషాలు లెక్కించు: ఆలస్యం చేయు' అని బట్టీ పట్టేవాళ్లు. సొంతవాక్యం అడిగితే ఒకమ్మాయి "మా ఊరి బస్సు రోజూ మీనమేషాలు లెక్కిస్తుంది" అని రాసింది. అర్థం కరెక్టే. కానీ ముహూర్తం చూసుకుంటూ తటపటాయించేది మనిషి కదా, బస్సు కాదు. ఆ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

మీ ఆదివారం పిల్లల పేజీలో వారానికొక జాతీయం వేయండి. అది ఎక్కడ పుట్టింది, ఎవరితో ఎప్పుడు అనొచ్చు, ఎప్పుడు అనకూడదు, అన్నీ ఉండాలి. మా సీమ మాటలు నేను రాసి పంపుతాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా